మామూలు టెక్స్ట్ ఫైలును వెబ్ పేజీగా మార్చడం ఎలా? పాండాక్‌తో మొదటి నుంచి చివరిదాకా

“రాసిందంతా నోట్‌ప్యాడ్‌లో ఉంది. దాన్ని వెబ్ పేజీ చేయాలంటే హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవాల్సిందేనా?” ఈ ప్రశ్నకు ఎన్నిసార్లు విడివిడిగా జవాబు రాశానో లెక్క లేదు. ఇక అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

నేర్చుకోనక్కర్లేదు. మీ టెక్స్ట్ ఫైలులో నాలుగైదు చిన్న గుర్తులు పెడితే చాలు, మిగతా పని పాండాక్ అనే ఉచిత సాధనం చేసిపెడుతుంది. దీన్ని 2006లో మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫర్లేన్ తత్వశాస్త్రం బోధించే ప్రొఫెసర్. మనం పెట్టే గుర్తుల పద్ధతి పేరు మార్క్‌డౌన్. 2004లో జాన్ గ్రూబర్ దాన్ని బయటపెట్టాడు. సిద్ధాంతం ఇంతకన్నా అవసరం లేదు.

పనిలోకి దిగేముందు ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. టెక్స్ట్ ఫైలే మీ అసలు ప్రతి, వెబ్ పేజీ దాని నకలు. అక్షరదోషం కనిపిస్తే టెక్స్ట్ ఫైలులో దిద్ది మళ్ళీ మార్చండి. నకలు మీద ఎప్పుడూ చేయి పెట్టకండి. నేను మొదట్లో ఈ నియమం పాటించలేదు. ఒక పొడవాటి వ్యాసానికి మూడు వారాలపాటు తోచిన సవరణలన్నీ నేరుగా వెబ్ పేజీలోనే చేస్తూ పోయాను. తర్వాత ఒక పేరా చేర్చాలని టెక్స్ట్ ఫైలు తెరిచి, చేర్చి, మళ్ళీ మార్చాను. పాండాక్ పాత పేజీ మీద కొత్తది రాసేసింది. మూడు వారాల దిద్దుబాట్లు ఒక్క క్షణంలో పోయాయి. ఆ బాధ మీకు వద్దు.

కావలసినవి

- విండోస్, మ్యాక్, లినక్స్‌లలో ఏదున్నా సరే, ఒక కంప్యూటరు.
- ఉత్త టెక్స్ట్ రాసే ఎడిటర్. విండోస్‌లో నోట్‌ప్యాడ్ చాలు. మ్యాక్‌లో టెక్స్ట్‌ఎడిట్ వాడితే ముందుగా ఫార్మాట్ మెనూలో ‘మేక్ ప్లెయిన్ టెక్స్ట్’ నొక్కాలి. అది మొదట తెరుచుకునేది ఉత్త టెక్స్ట్‌గా కాదు.
- పాండాక్.
- ఏదో ఒక బ్రౌజరు.
- ఈ పని కోసమే ఒక కొత్త ఫోల్డరు. డెస్క్‌టాప్ మీద అన్నిటి మధ్యా పెట్టుకుంటే తర్వాత వెతుక్కోలేరు.

వర్డ్‌లో రాసిన ఫైలును పేరు మార్చి తెచ్చుకుంటే పనిచేయదు. అయితే పాండాక్ వర్డ్ ఫైళ్ళను కూడా చదవగలదు కాబట్టి దారి ఉంది, దాని సంగతి ఆరో మెట్టులో చెబుతాను.

ఇక్కడ ఆజ్ఞలన్నీ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను, ఫోనులో పక్కవాళ్ళకు చెప్పినట్టు. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, చేత్తో టైపు చేయండి. కాపీ చేసి అతికించే అలవాటు ఈ పనిలో చాలామందిని ముంచింది. దారిలో ఎక్కడో రెండు హైఫన్లు కలిసి ఒక పొడవు గీత అయిపోతాయి, నిటారు కొటేషన్లు వంపు తిరుగుతాయి. చూడటానికి ఆజ్ఞ సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం చేయదు.

1. పాండాక్‌ను ఎక్కించుకోండి

పాండాక్ సొంత వెబ్‌సైటులో ఇన్‌స్టాలేషన్ పేజీ ఉంది. విండోస్‌కూ మ్యాక్‌కూ ఇన్‌స్టాలర్లు అక్కడే దొరుకుతాయి. లినక్స్‌లో మీ పంపిణీ ఇచ్చే ప్యాకేజీ మేనేజరులో పాండాక్ అని వెతకండి.

ఎక్కించాక కమాండ్ విండో తెరవండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, మిగతా రెండిట్లో టెర్మినల్. అందులో ఇలా కొట్టి ఎంటర్ నొక్కండి:

```
పాండాక్ --వెర్షన్
```

పీ, ఏ, ఎన్, డీ, ఓ, సీ అని ఆరు అక్షరాలు, ఒక ఖాళీ, రెండు హైఫన్లు, వెర్షన్. ఒక సంఖ్య కనిపిస్తే సిద్ధమైనట్టే. ఆ పేరును గుర్తుపట్టలేదని విండోస్ అంటే కంగారుపడి మళ్ళీ ఎక్కించకండి. చాలాసార్లు కారణం చిన్నది: ఎక్కించకముందే తెరిచి ఉంచిన పాత కమాండ్ విండోకు కొత్త సాధనం వచ్చిన సంగతి తెలియదు. దాన్ని మూసి కొత్తది తెరవండి.

2. ఫైలును సరైన పద్ధతిలో సేవ్ చేయండి

అన్ని మెట్లలోకీ నన్ను ఎక్కువగా అడిగించింది ఇదే. తెలుగు రాసేవాళ్ళకు ఇక్కడ తప్పు జరిగితే ఆ తర్వాత ఏం చేసినా సరికాదు.

ఫైలును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి. ఎన్‌కోడింగ్ అంటే కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతి. విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్ళను దానంతట అదే అలా సేవ్ చేస్తుంది. అంతకన్నా పాతదైతే ‘సేవ్ యాజ్’ పెట్టెలో అడుగున ఎన్‌కోడింగ్ అనే జాబితా చూడండి. అక్కడ ఆన్సీ అని ఉంటే యూటీఎఫ్-8కి మార్చండి. పాత నోట్‌ప్యాడ్ జాబితాలో ఉత్త ‘యూనికోడ్’ అని ఇంకొకటి కనిపిస్తుంది. పేరు చూసి మోసపోకండి, అది యూటీఎఫ్-16. మనకు పనికొచ్చేది యూటీఎఫ్-8 ఒక్కటే.

హెచ్చరిక: తెలుగు పాఠ్యాన్ని ఆన్సీలో సేవ్ చేస్తే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చి కూర్చుంటాయి. ఆ ఫైలు మూసేశాక వాటిని తిరిగి అక్షరాలు చేసే ఉపాయం ఏదీ లేదు. నోట్‌ప్యాడ్ ఏదైనా హెచ్చరిక చూపిస్తే చదవకుండా ‘ఓకే’ నొక్కకండి.

ఫైలు పేరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే వాడండి. మధ్యలో ఖాళీలు వద్దు. ఇక్కడ ఉదాహరణకు ఫైలు పేరు 1 అనుకుందాం, దాని చివర టీఎక్స్‌టీ అనే తోక. టీఎక్స్‌టీ తోక ఉన్న ఫైలును పాండాక్ మార్క్‌డౌన్‌గానే చదువుతుంది కాబట్టి తోక మార్చే పని కూడా లేదు.

విండోస్ మామూలుగా తోకల్ని దాచేస్తుంది. మీరు పేరు పెట్టేటప్పుడు తోకతో సహా కొడితే అసలు పేరు 1.టీఎక్స్‌టీ.టీఎక్స్‌టీ అయిపోవచ్చు. ఫోల్డరు విండోలో వ్యూ మెనూలోకి వెళ్ళి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్కు పెట్టండి. ఒక్కసారి పెడితే ఎప్పటికీ ఉంటుంది.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాఠ్యమైతే ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని రండి. నోట్‌ప్యాడ్‌లో అతికించగానే తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అది అలాంటి పాఠ్యమే. పాండాక్ ఆ పని చేయదు.

3. గుర్తులు పెట్టండి

ఇవి తెలిస్తే నూటికి తొంభై పేజీలు అయిపోతాయి:

```
% చెట్ల నీడలో
% రచయిత పేరు
% 2024

## మొదటి విభాగం

ఇది ఒక పేరా. ఇందులో *వాలు అక్షరాలు*,
**ముదురు అక్షరాలు** ఉన్నాయి.

ఇది రెండో పేరా. ఇక్కడ ఒక జాబితా వస్తుంది:

- మొదటి అంశం
- రెండో అంశం

> ఇది ఎవరో అన్న మాట. పేజీలో కాస్త లోపలికి జరుగుతుంది.

ఈ వాక్యానికి అడుగున వివరణ ఉంది.[^1]

[^1]: ఆ వివరణ ఇదే.
```

పై మూడు శాతం గుర్తులూ శీర్షిక, రచయిత, తేదీ. ఇవి ఫైలులో మొట్టమొదటి లైను నుంచే మొదలవ్వాలి, పైన ఒక్క ఖాళీ లైను కూడా ఉండకూడదు. రచయిత పేరు వద్దనుకుంటే ఆ లైనులో ఉత్త శాతం గుర్తు ఉంచి తేదీ లైనుకు వెళ్ళండి.

శీర్షిక అక్కడ ఇచ్చేశాక కింద మళ్ళీ ఒక # పెట్టి అదే పేరు రాయకండి. రాస్తే పేజీ మీద రెండుసార్లు కనిపిస్తుంది. లోపలి విభాగాలకు రెండు ##, వాటి కింది చిన్న విభాగాలకు మూడు ### వాడండి.

ఇక ఖాళీ లైను సంగతి. మార్క్‌డౌన్‌లో సగం తిప్పలు దాని దగ్గరే. పేరాకూ పేరాకూ మధ్య ఖాళీ లైను ఉండాలి. విభాగం పేరుకు ముందు ఖాళీ లైను ఉండాలి. జాబితాకు ముందు కూడా ఉండాలి. వేరే మార్క్‌డౌన్ సాధనాలు కొన్ని జాబితా ముందు ఖాళీ లేకపోయినా సర్దుకుపోతాయి, పాండాక్ సర్దుకోదు. దానికి అలవాటుపడి వచ్చినవాళ్ళే “నా జాబితా అంతా ఒకే పేరాగా కలిసిపోయింది, హైఫన్లు మధ్యలో కనిపిస్తున్నాయి” అంటారు. జాబితా పైన ఒక్క ఎంటర్ నొక్కితే సమస్య తీరుతుంది.

కవిత్వం రాసేవాళ్ళ కష్టం దీనికి పూర్తిగా ఎదురు. మీరు పాదం పాదానికీ ఎంటర్ నొక్కుతారు, పాండాక్ వాటన్నిటినీ కలిపి ఒకే వచనపు పేరా చేసేస్తుంది. ఒక్క ఎంటరంటే దానికి ఒక ఖాళీతో సమానం. దీనికి నిలువు గీత వాడండి:

```
| మొదటి పాదం ఇక్కడ
| రెండో పాదం ఇక్కడ
|    కాస్త లోపలికి జరిగిన పాదం
```

గీత తర్వాత వదిలిన ఖాళీలు కూడా పేజీలో అలాగే నిలుస్తాయి. ఫైలంతా పద్యాలే అయితే ప్రతి పాదానికీ గీత పెట్టడం విసుగు. అప్పుడు ఆరో మెట్టులోని ఆజ్ఞకు ‘-ఎఫ్ మార్క్‌డౌన్+హార్డ్_లైన్_బ్రేక్స్’ అని చేర్చండి. ప్రతి ఎంటరూ కొత్త లైను అవుతుంది. లైను చివర రెండు ఖాళీలు వదిలే పద్ధతి కూడా ఒకటుంది కానీ నేను దాన్ని ఎవరికీ చెప్పను. కంటికి కనిపించని గుర్తు మీద ఆధారపడితే రేపు ఎక్కడ తప్పు జరిగిందో మీకే తెలియదు.

పట్టిక కావాలంటే:

```
| పని        | సమయం     |
|------------|----------|
| రాయడం      | 2 గంటలు  |
| దిద్దడం     | 1 గంట    |
```

తెలుగు అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు కాబట్టి ఎడిటర్‌లో గీతలు వంకరగా కనిపిస్తాయి. పట్టించుకోకండి. గీతల సంఖ్య సరిపోతే పేజీలో పట్టిక చక్కగానే వస్తుంది.

4. గుర్తుగా చదవకూడని గుర్తులు

పేరా మొదట్లో ఏడాది రాసి చుక్క పెడితే, ఉదాహరణకు ‘2004. ఆ ఏడాది నుంచే’ అని మొదలుపెడితే, పాండాక్ దాన్ని 2004తో మొదలయ్యే అంకెల జాబితాగా తీసుకుంటుంది. చుక్కకు ముందు ఒక వెనకవాలు గీత పెట్టండి: 2004\. అని. నక్షత్రం గుర్తు, అండర్‌స్కోర్, ‘కన్నా చిన్నది’ గుర్తు ఉన్నదున్నట్టు కనిపించాలన్నా ముందు అదే గీత.

పేరా మొదట్లో నాలుగు ఖాళీలు వదిలే అలవాటుంటే మానుకోండి. ఆ పేరా అంతా ప్రోగ్రాము కోడ్‌లా ఒక పెట్టెలో పడి, కుడివైపు తెగకుండా సాగిపోతుంది. పేరా మొదలు లోపలికి జరగాలంటే ఎనిమిదో మెట్టులో చెప్పే అలంకార ఫైలులో ఏర్పాటు చేసుకోవాలి.

రెండు హైఫన్లు చిన్న డ్యాష్‌గా, మూడు హైఫన్లు పొడవు డ్యాష్‌గా, నిటారు కొటేషన్లు వంపు కొటేషన్లుగా మారతాయి. ఇది పొరపాటు కాదు, పాండాక్ కావాలనే చేస్తుంది. నాకైతే ఇష్టం.

5. ఆ ఫోల్డరులోనే కమాండ్ విండో తెరవండి

విండోస్‌లో మీ ఫోల్డరు తెరిచి, పైన చిరునామా కనిపించే పట్టీలో నొక్కి, ఉన్నది చెరిపి, సీ ఎం డీ అని మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. కమాండ్ విండో నేరుగా ఆ ఫోల్డరులోనే తెరుచుకుంటుంది. మ్యాక్‌లో టెర్మినల్ తెరిచి, సీ డీ అని కొట్టి ఒక ఖాళీ వదిలి, ఫోల్డరును మౌస్‌తో లాగి ఆ విండోలో వదిలి ఎంటర్ నొక్కండి.

ఈ మెట్టు దాటేసినవాళ్ళకే “అలాంటి ఫైలు లేదు” అనే సమాధానం వస్తుంది. ఫైలు ఉంటుంది, మీరు వేరే గదిలో నిలబడి వెతుకుతుంటారు. విండోస్‌లో డీ ఐ ఆర్, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఎల్ ఎస్ అని కొట్టి చూడండి. వచ్చిన జాబితాలో మీ ఫైలు పేరు కనిపించాలి. టీఎక్స్‌టీ రెండుసార్లు వచ్చిందేమో కూడా ఇక్కడే తెలుస్తుంది.

6. మార్చండి

```
పాండాక్ 1.టీఎక్స్‌టీ -ఎస్ -ఎం ఎల్‌ఏఎన్‌జీ=టీఈ -ఓ 1.హెచ్‌టీఎంఎల్
```

ముక్కముక్కగా చూద్దాం.

సాధనం పేరు తర్వాత మీ టెక్స్ట్ ఫైలు పేరు. తర్వాత హైఫన్, చిన్న ఎస్. ఈ ఎస్ మరిచిపోకండి. ఇది లేకపోతే పాండాక్ పేజీలోని లోపలి ముక్కను మాత్రమే ఇస్తుంది. పేజీ తల ఉండదు, ‘ఇది యూటీఎఫ్-8’ అని బ్రౌజరుకు చెప్పే లైను ఉండదు, శీర్షిక ఉండదు. ఇంగ్లీషు పాఠ్యమైతే చూసీచూడనట్టు గడిచిపోతుంది, తెలుగు మాత్రం ఛిన్నాభిన్నం కావచ్చు.

తర్వాత హైఫన్, పెద్ద ఎం, ఖాళీ, ఆపైన భాష. ఇక్కడ అక్షరం పెద్దదే కావాలి. ఎల్, ఏ, ఎన్, జీ, సమానం గుర్తు, టీ, ఈ. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీలు వద్దు. పేజీ తెలుగులో ఉందని దీనివల్ల బ్రౌజరుకూ, చూపులేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ తెలుస్తుంది. పేజీ చూడటానికి ఏ తేడా కనిపించదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి.

చివర హైఫన్, చిన్న ఓ, తర్వాత రావాల్సిన పేజీ పేరు.

హెచ్చరిక: ఓ తర్వాత ఏ పేరు ఇస్తే ఆ ఫైలు మీద పాండాక్ అడగకుండా రాసేస్తుంది. రెండు పేర్లూ తారుమారు చేస్తే మీ అసలు ప్రతే పోవచ్చు. మొదటి కొన్నిసార్లు ఎంటర్ నొక్కేముందు ఓ తర్వాత ఉన్న తోక హెచ్‌టీఎంఎల్ అవునో కాదో చూసుకోండి. టెక్స్ట్ ఫైలుకు ఒక నకలు వేరే ఫోల్డరులో ఉంచుకోండి.

ఎంటర్ నొక్కాక ఏమీ జరగనట్టు ఉంటే పని అయిందని అర్థం. పాండాక్ బాగా జరిగినప్పుడు నోరు మెదపదు. శీర్షిక ఖాళీగా ఉందని ఒక హెచ్చరిక వస్తే శాతం గుర్తు లైన్లు చూసుకోండి, పేజీ మాత్రం తయారై ఉంటుంది. కర్సర్ మినుకుమినుకుమంటూ ఊరికే నిలిచిపోతే మీరు ఫైలు పేరు ఇవ్వడం మరిచారు. మీరు టైపు చేస్తారని అది ఎదురుచూస్తోంది. కంట్రోల్, సీ కలిపి నొక్కి బయటికి రండి. తెర నిండా గుర్తులు గబగబా పారితే హైఫన్ ఓ మరిచారు.

వర్డ్ ఫైలు ఉన్నవాళ్ళు ఇదే ఆజ్ఞ తిప్పి వాడొచ్చు: పాండాక్, వర్డ్ ఫైలు పేరు, హైఫన్ ఓ, ఇదివరకు లేని ఒక కొత్త టెక్స్ట్ ఫైలు పేరు. వచ్చిన టెక్స్ట్‌ను ఒకసారి చదివి సవరించుకుంటే ఇక అదే మీ అసలు ప్రతి. వర్డ్ ఫైలును పక్కన పెట్టేయండి.

7. తెరిచి చూడండి, ఏమైనా తేడా ఉంటే ఇలా పోల్చుకోండి

ఫోల్డరులో కొత్తగా వచ్చిన హెచ్‌టీఎంఎల్ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే బ్రౌజరులో తెరుచుకుంటుంది. తెలుగు తెలుగులా కనిపిస్తే ఎనిమిదో మెట్టుకు వెళ్ళండి. కనిపించకపోతే, ఏం కనిపిస్తోందన్నదే రోగమేమిటో చెప్పేస్తుంది.

*ప్రశ్నార్థకాల వరస:* అక్షరాలు సేవ్ చేసేటప్పుడే పోయాయి. రెండో మెట్టు చూడండి. వేరే ఫోల్డరులో దాచిన టెక్స్ట్ ఫైలు నకలు ఉంటే దాని నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

*తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇవే మళ్ళీమళ్ళీ:* అక్షరాలు భద్రంగా ఉన్నాయి, బ్రౌజరు వాటిని తప్పుగా చదువుతోంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. వాటిని కలిపి చదవాల్సింది పోయి బ్రౌజరు విడివిడిగా చదివితే ఇలా కనిపిస్తుంది. నూటికి తొంభైసార్లు హైఫన్ ఎస్ మరిచిపోవడమే కారణం.

*ఖాళీ పెట్టెలు:* ఫైలూ బాగుంది, పేజీ కూడా బాగుంది. ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదు. ఇంకో పరికరంలో తెరిచి నిర్ధారించుకోండి.

ఈ మూడింటినీ ఒకే జబ్బు అనుకుని ఫాంట్లు మారుస్తూ పూటలు గడిపినవాళ్ళను చూశాను. మూడూ మూడు వేర్వేరు చోట్ల పుడతాయి.

టెక్స్ట్ దిద్ది మళ్ళీ మార్చినా పేజీలో మార్పు కనిపించకపోతే మూడు చూడండి: ఎడిటర్‌లో సేవ్ చేశారా, ఆజ్ఞ మళ్ళీ ఇచ్చారా, బ్రౌజరులో రిఫ్రెష్ నొక్కారా. ఆజ్ఞ మొత్తం తిరిగి కొట్టనక్కర్లేదు, కమాండ్ విండోలో పైబాణం మీట నొక్కితే పాతది వస్తుంది.

8. రూపం దిద్దండి

కొత్త వెర్షన్లలో పాండాక్ తనకు తానే ఒక మోస్తరు అలంకారం ఇస్తుంది. అది చాలనుకుంటే ఈ మెట్టు వదిలేయండి. నాకు మాత్రం తెలుగుకు లైన్ల మధ్య ఎడం చాలదనిపిస్తుంది. పై లైనులోని ఒత్తులూ కింది లైనులోని గుడులూ ఒకదానికొకటి తగులుతుంటే చదివే కన్ను అలసిపోతుంది. అదే ఫోల్డరులో స్టైల్ అనే పేరుతో, సీఎస్ఎస్ తోకతో ఒక కొత్త ఫైలు పెట్టి ఇది రాయండి, అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే:

```
బాడీ {
  మ్యాక్స్-విడ్త్: 38ఈఎం;
  మార్జిన్: 2ఈఎం ఆటో;
  ప్యాడింగ్: 0 1ఈఎం;
  లైన్-హైట్: 1.7;
}
ఐఎంజీ {
  మ్యాక్స్-విడ్త్: 100%;
}
```

సెమీకోలన్లు, ఫ్లవర్ బ్రాకెట్లు ఒక్కటి పోయినా దాని తర్వాతది పనిచేయదు. ఇప్పుడు ఆజ్ఞలో హైఫన్ ఓకు ముందు దీన్ని చేర్చండి:

```
-సీ స్టైల్.సీఎస్ఎస్
```

మీ సొంత అలంకార ఫైలు ఇవ్వగానే పాండాక్ తన అలంకారాన్ని తీసేస్తుంది. “ఒక్క లైను ఎడం మార్చబోతే పేజీ అంతా పాడైంది” అని అడిగేవాళ్ళకు జవాబు అదే. అందుకే పైన వెడల్పు, అంచులు కూడా రాసి ఇచ్చాను.

పేరా మొదలు లోపలికి జరపాలనుకునేవాళ్ళు పీ అనే ఇంకో భాగం చేర్చి, దానిలో టెక్స్ట్-ఇండెంట్: 1.5ఈఎం; అని రాయండి.

విభాగాలు ఎక్కువుంటే ఆజ్ఞలో --టీఓసీ చేర్చండి. విషయసూచిక దానంతట అదే పైన వస్తుంది. దీనికీ హైఫన్ ఎస్ ఉండాల్సిందే.

9. లింకులు, బొమ్మలు

```
[కనిపించే మాట](చిరునామా)
![బొమ్మలో ఏముందో ఒక మాట](బొమ్మ-ఫైలు-పేరు)
```

చదరపు బ్రాకెట్టుకూ గుండ్రటి బ్రాకెట్టుకూ మధ్య ఖాళీ ఉండకూడదు. బొమ్మలు అదే ఫోల్డరులో పెట్టి ఉత్త పేరు ఇవ్వండి. మీ కంప్యూటరులో సీ డ్రైవు నుంచి మొదలయ్యే పూర్తి దారి ఇస్తే మీకు కనిపిస్తుంది, వేరెవరికీ కనిపించదు.

పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా జాగ్రత్త. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, పేజీలు ఉంచే సర్వర్లు చాలావరకు పట్టించుకుంటాయి. ఇంట్లో కనిపించిన బొమ్మ బయట మాయమవడానికి ఇదే మొదటి కారణం. కెమెరా నుంచి వచ్చే ఫైళ్ళకు తోక తరచు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అన్నిటినీ ముందే చిన్న అక్షరాల్లోకి మార్చుకోండి.

పేజీని ఎవరికైనా ఒక్క ఫైలుగా పంపాలంటే ఆజ్ఞకు --ఎంబెడ్-రిసోర్సెస్ చేర్చండి. బొమ్మలు, అలంకారం అన్నీ ఆ ఒక్క ఫైలులోకే వెళ్ళిపోతాయి. ఇది 2.19 వెర్షన్ నుంచి ఉంది. ఫైలు బరువు పెరుగుతుంది, కాబట్టి బొమ్మల్ని ముందే చిన్నవి చేసుకోండి.

10. ఫైళ్ళు చాలా ఉంటే

అధ్యాయాలన్నీ కలిపి ఒకే పేజీ కావాలంటే ఆజ్ఞలో టెక్స్ట్ ఫైళ్ళ పేర్లు వరసగా, మధ్యలో ఖాళీలతో ఇవ్వండి. ఇచ్చిన వరసలోనే కలుపుతుంది. శాతం గుర్తు లైన్లు మొదటి ఫైలులో మాత్రమే ఉండాలి.

దేనికి దానికి విడి పేజీ కావాలంటే, ఒక్కో ఫైలుకు ఒక్కో ఆజ్ఞ చొప్పున లైన్లుగా ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, విండోస్‌లో బీఏటీ తోకతో సేవ్ చేయండి. దాని మీద రెండుసార్లు నొక్కితే అన్నీ ఒకేసారి మారతాయి. మ్యాక్, లినక్స్‌లలో ఎస్‌హెచ్ తోక పెట్టి, టెర్మినల్‌లో ఎస్ హెచ్, ఖాళీ, ఆ ఫైలు పేరు కొట్టండి. దీన్ని మించిన ఉపాయాలు ఉన్నాయి కానీ ముప్పై నలభై పేజీల దాకా నాకు ఇదే సుఖంగా ఉంది. ఆరు నెలల తర్వాత తెరిచినా ఏం రాశానో అర్థమవుతుంది. వందల పేజీలు, వాటి మధ్య మెనూలు కావాలంటే హ్యూగో, జెకిల్ లాంటి సాధనాల వైపు వెళ్ళాలి. అవి కూడా మార్క్‌డౌన్‌నే చదువుతాయి, కాబట్టి ఇప్పుడు పడిన శ్రమ వృథా పోదు.

బయట పెట్టేముందు ఈ పరీక్షలు చేయండి

పేజీలో కంట్రోల్, యూ కలిపి నొక్కితే దాని లోపలి రాత కనిపిస్తుంది. అంతా అర్థం కానక్కర్లేదు. పైనుంచి కొన్ని లైన్లలో యూటీఎఫ్-8 అన్న మాట, భాష దగ్గర టీఈ అన్న రెండక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. రెండూ ఉంటే హైఫన్ ఎస్, భాష రెండూ సరిగ్గా పడ్డట్టే.

కంట్రోల్, ఎఫ్ నొక్కి నక్షత్రం గుర్తు వెతకండి, తర్వాత # వెతకండి. ఎక్కడైనా దొరికితే అక్కడ గుర్తు సరిగ్గా పట్టలేదు. # తర్వాత ఖాళీ వదల్లేదో, పైన ఖాళీ లైను లేదో, నక్షత్రాలు ఒకవైపు తక్కువయ్యాయో అయి ఉంటుంది. ఇది అర నిమిషం పని, కళ్ళతో చదివి పట్టుకోలేనివి కూడా పట్టిస్తుంది.

బ్రౌజరు విండోను ఫోనంత సన్నగా లాగి చూడండి. ఏదైనా కుడివైపుకు పొడుచుకొస్తే అది పెద్ద బొమ్మో, వెడల్పాటి పట్టికో, నాలుగు ఖాళీలతో మొదలైన పేరానో అవుతుంది.

ప్రతి లింకూ ఒక్కసారి నొక్కండి. తర్వాత ఫోల్డరు మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవులో వేసి ఇంకో కంప్యూటరులో తెరవండి. అక్కడ బొమ్మ రాకపోతే మీరు పూర్తి దారి ఇచ్చారన్నమాట.

సర్వరులో పెట్టేటప్పుడు హెచ్‌టీఎంఎల్ ఫైలుతో పాటు సీఎస్ఎస్ ఫైలు, బొమ్మలు కూడా పంపాలి. ముఖపేజీ పేరు ఇండెక్స్ అని, హెచ్‌టీఎంఎల్ తోకతో, అన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి. టెక్స్ట్ ఫైళ్ళు మాత్రం మీ దగ్గరే, రెండు చోట్ల భద్రంగా ఉంచుకోండి.